పని కావలసిన కుక్క

బొల్లారం బంగళాలో సామానంతా పెట్టెల్లోకి ఎక్కిన రోజు, దొరసాని ఇశ్రాయేలును వరండాలోకి పిలిచి ఎదురుగా కూర్చోమంది. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట వంట చేస్తున్నా, ఆమె ముందు కూర్చోవడం అతనికి అదే మొదలు. పేము కుర్చీ అంచున, లేవమంటే లేచిపోయేటట్టు కూర్చున్నాడు.

యుద్ధం ముగిసి అయిదారు నెలలైంది. మేజరు దొర కొలువు చాలించి తన దేశం వెళ్లిపోతున్నాడు. వెళ్లేవాళ్లకు అన్నీ కుదిరాయి, ఒక్క కుక్క సంగతి తప్ప. ఓడ దిగాక ఆరు నెలలు దాన్ని బోనులో ఉంచాలట. అన్ని రోజులు బోనులో ఉంటే అది పిచ్చెక్కి చస్తుందని దొరసాని భయం. ఇక్కడ ఎవరికైనా ఇద్దామంటే దండులో తెలిసిన కుటుంబాలన్నీ ఓడ ఎక్కేవే. ఎవరూ తీసుకోకపోతే పశువుల డాక్టరు చేత ఒక తూటా వేయించడమే దారి. ఆ మాట విన్ననాడే ఇశ్రాయేలు వంటింటి గుమ్మంలోంచి "నాకియ్యిండి మేమ్‌సాబ్" అన్నాడు.

కుక్క పేరు మెగ్. నల్లటి ఒళ్లు, మెడ చుట్టూ కండువా వేసినట్టు తెల్లటి పట్టె, ఒక చెవి నిక్కి, ఇంకొకటి సగం వాలి ఉండేది. యుద్ధానికి ముందు స్కాట్లండు నుంచి తెచ్చుకున్న జంటకు ఇక్కడే పుట్టిన పిల్ల. దొరసాని పుట్టినింటివాళ్లకు అక్కడి కొండల్లో గొర్రెల మందలుండేవి. దీనికి ఆ పని మరిచిపోకుండా ఉండాలని ఆమె బంగళా వెనక మైదానంలో పది గొర్రెలను పెంచింది.

"ఇది ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దు చేసే కుక్క కాదు, ఇశ్రాయేల్. కొన్ని ప్రశ్నలు అడుగుతాను. నిజం చెప్పు" అంది దొరసాని. వాళ్ల మధ్య నడిచేది సగం ఇంగ్లీషు, సగం హిందుస్తానీ.

"ఎక్కడ ఉండబోతున్నావు?"

"మొఘల్‌పురాల, మేమ్‌సాబ్. లండన్ల చదివొచ్చిన వకీల్ సాబ్ ఇంట్ల వంట దొరికింది. ఆ పక్కనే ఇల్లు."

"ఇంటి దగ్గర జాగా ఉందా?"

"మస్తున్నది. బర్రెలు తిరుగుతయి."

"రోజులో ఎన్ని గంటలు ఇంట్లో ఉంటావు?"

"రెండు పూటలే వంట. నడుమ అంత ఖాళీనే."

"ఉదయం, సాయంత్రం దీన్ని పరిగెత్తించాలి. నడిపిస్తే చాలదు. నీ మోకాలు?"

"బాగైంది."

"పని కావాలి దీనికి. పని చూపించకపోతే అదే ఏదో ఒకటి వెతుక్కుంటుంది. అది నీకు నచ్చదు."

"నా తమ్మునికి గొర్ల మంద ఉన్నది మేమ్‌సాబ్" అన్నాడు ఇశ్రాయేలు. అతనికి తమ్ముడు లేడు.

దొరసాని అతని ముఖంలోకి కొంతసేపు చూసి, ఇంకేమీ అడగలేదు. మర్నాడు మెడపట్టీ, గొలుసు అతని చేతిలో పెట్టి, కుక్క వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఒక ప్రాణం నిలబెట్టడానికే అబద్ధాలాడానని ఇశ్రాయేలు చాలా రోజులు తనకు తాను చెప్పుకున్నాడు. అసలు సంగతి అది కాదు. భార్య సుసన్నమ్మ పోయి పన్నెండేళ్లయింది. పిల్లలు లేరు. అయినా ఇన్నేళ్లూ బంగళాల వెనక నౌకర్ల కొట్టాలలోనే బతికాడు కాబట్టి, గోడ అవతల గుర్రపువాడి దగ్గో, ఆయా పిల్లల ఏడుపో ఎప్పుడూ వినబడుతూనే ఉండేది. యాభై ఆరేళ్ల వయసులో మొదటిసారి ఒక్కడే ఒక గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవాలి. ఆ తలుపంటే అతనికి భయం.

*

రుక్మాబాయి అరవై దాటిన మనిషి. మొఘల్‌పురాలో నాలుగిళ్ల అవతలికి కూడా ఆమె గొంతు వినబడేది. ఆరు బర్రెలు, మూడు దుడ్డెలు, ఒక చేదబావి, వాటి చుట్టూ మట్టిగోడ. ఆ దొడ్డికి ఒక మూలనున్న గదిని ఆమె ఇశ్రాయేలుకు కిరాయికి ఇచ్చింది. గొలుసు పట్టుకుని అతను లోపలికి వస్తుంటే పాలతపేలా పక్కన పెట్టి లేచింది.

"కుక్క గూడ ఉన్నదని చెప్పకపోతివి?"

"మంచిదక్కా. ఏమనది."

"పేరేంది?"

"మెగ్."

"మేకనా?"

"మేక గాదక్కా. మెగ్గు."

"కుక్కకు మేకని పేరు వెట్టుడేంది, ఆ దొరలకు దిమాక్ ఉన్నదా?" అని ఆమె నవ్వింది. ఆ రోజు నుంచీ ఆ వాడలో అది మేకే అయింది. పిల్లలు "మేకా, మేకా" అని పిలిస్తే అది తల తిప్పేది కాదు. దానికి తెలుగు రాదు, ఉర్దూ రాదు. వచ్చిన భాషంతా దొరసాని నేర్పిన పది పన్నెండు మాటలు. ఆ మాటలు ఆ చుట్టుపక్కల ఇశ్రాయేలు నోట తప్ప ఇంకెవరి నోటా రావు.

అందువల్లనే మొదటి వారం అతనికి పండగలా గడిచింది. పనినుంచి వచ్చి తలుపు తీస్తే మెగ్ ఎదురొచ్చేది. ప్రైమస్ పొయ్యి వెలిగించి, జొన్నరొట్టె కాల్చుకుంటూ, ఆ రోజు వకీలు ఇంట్లో చేసిన వంటలన్నీ దానికి వరుసగా చెప్పేవాడు. సూపు ఎలా కుదిరింది, కస్టర్డు ఎందుకు విరిగింది, బేగం సాహెబా ఏమని కబురంపింది. అన్నీ తన వంటింటి ఇంగ్లీషులోనే. అది తల పక్కకు వంచి వినేది. ఇన్నేళ్లలో తన మాట అంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరనిపించేది అతనికి.

కాని దొరసానికి చెప్పిన రెండు పూటల వంట ఉత్తమాట. వకీలు ఇంట్లో పొద్దున ఏడింటికి నాస్తాతో మొదలైతే, దీపాలు పెట్టాక ఇంటికొచ్చిన మెహమాన్లకు టీ ఇచ్చేవరకు పని తెమిలేది కాదు. నమాజు చదువుకునే ఇల్లు, కుక్క గడప తొక్కడానికి లేదు. తెల్లవారకముందే లేచి ఇశ్రాయేలు మెగ్‌ను మూసీ ఒడ్డుకు తీసుకుపోయి గంటసేపు తిప్పేవాడు. ఆ గంటలో అతని మోకాలు వాచేది, దాని అరికాలికి మాత్రం దుమ్ము కూడా సరిగ్గా అంటేది కాదు. ఆ తరువాత పన్నెండు గంటలు గదిలో గొలుసు.

రెండో వారం పరుపు చింపేసింది. ఆ తరువాత తలుపు చెక్కను ఒక మూల గోళ్లతో గీకి గీకి వేలు పట్టేంత సందు చేసింది. అరుపు భరించలేక రుక్మాబాయి ఒకనాడు గొలుసు విప్పి దొడ్లోకి వదిలింది. సాయంత్రం అతను వచ్చేసరికి మూడు దుడ్డెలూ, ఎవరివో అయిదు కోళ్లూ, పక్కింటి పిల్లలు నలుగురూ బావి పక్క మూలలో ఒకే గుంపుగా నిలబడి ఉన్నారు. ఎదురుగా మెగ్ నేలకు కరుచుకుని, ముందుకాళ్లు చాచి, కళ్లార్పకుండా చూస్తోంది. ఒక దుడ్డె అడుగు పక్కకు వేస్తే చాలు, పాములా సాగి దాని ముందుకు వచ్చి కూర్చుంటోంది. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు.

"పొద్దుగాల సంది ఇదే ఆట" అంది రుక్మాబాయి. ఆమె కూడా నవ్వింది ఆ రోజు.

మూడోనాటికి నవ్వు పోయింది. పాలు పిండే వేళ మెగ్ బర్రెల చుట్టూ తిరగడం మొదలుపెట్టేసరికి అవి బెదిరి చేపడం మానేశాయి. నాలుగు శేర్లు ఇచ్చేది ఒక శేరుకు వచ్చింది. ఖాతా ఇళ్లకు పాలు చాలక రుక్మాబాయి మాటలు పడింది. మళ్లీ గొలుసు, మళ్లీ గది. ఒక మధ్యాహ్నం రుక్మాబాయి నీళ్లు పెట్టడానికి తలుపు తీయగానే మెడపట్టీ వదిలించుకుని వీధిలోకి దూసుకుపోయి, వచ్చే టాంగాకు అడ్డం తిరిగింది. గుర్రం ముందుకాళ్లు లేపింది, టాంగాలోని ముసలాయన కింద పడబోయి కమ్మీ పట్టుకుని బయటపడ్డాడు. మెగ్ తొడకు చక్రం రాసుకుపోయింది. టాంగావాలా చేసిన లొల్లికి వీధి వీధంతా గుమిగూడింది. కబురు విని ఇశ్రాయేలు వచ్చి నెత్తుటి తొడకు పసుపు అద్దుతుంటే, అది గాయం వైపు చూడనే లేదు. తలుపు సందులోంచి వీధిలో పోయే మేకల వైపే చూస్తోంది.

ఆ మర్నాటి నుంచి అరుపులు ఆగిపోయాయి. "బుద్ధొచ్చింది దీనికి" అనుకుని అతను ఊపిరి పీల్చుకున్నాడు. నాలుగు రోజుల తరువాత, అతను ఎండ ఉండగానే ఇంటికి వచ్చిన ఒకనాడు, రుక్మాబాయి అతన్ని వాకిట్లోనే ఆపింది.

"నీ అర్ర జూసినవా?"

"రోజు జూస్తనే ఉన్న గదక్కా."

"దీపం వెట్టి జూస్తవు. ఎల్తుర్ల జూడు."

తలుపు బార్లా తెరిచి చూపించింది. పేడతో అలికిన నేల మీద, గూటం చుట్టూ, గొలుసు ఎంత దూరం సాగుతుందో అంత దూరంలో ఒక గుండ్రటి దారి పడి ఉంది. మట్టి లేచిపోయి, అరచెయ్యి లోతు కాకపోయినా అరవేలు లోతు దిగింది. ఆ దారి మీద మెగ్ తిరుగుతోంది. అతను వచ్చాడని చూసి కూడా ఆగలేదు. ఇంకో రెండు చుట్లు తిరిగి అప్పుడు వచ్చింది.

"పొద్దున నువ్వు పోంగనే మొదలువెడ్తది. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతనే ఉంటది. నీళ్లు వెడ్తె ముట్టది. నలభై ఏండ్ల సంది జీవాలతోని బతికిన ఇశ్రాయేలూ, గిసోంటిది జూడలే."

అతను వంగి ఆ దారి మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఒక్క మాట అడుగుత, కోపం జేసుకోకు. ఇది నీ తాన ఎందుకున్నది?"

"నేను తీస్కోకపోతె సంపేటోళ్లక్కా దీన్ని."

"గది అప్పటి మాట. ఇప్పుడెందుకున్నది?"

ఇశ్రాయేలు గొలుసు వైపు చూశాడు. "నాకెవరున్నరక్కా" అన్నాడు.

"నీకెవరు లేరని దానికి గూడ ఎవరు లేకుంట జేస్తివి" అంది రుక్మాబాయి. మాట కటువుగా వచ్చిందని ఆమెకే అనిపించిందేమో, ఆ రాత్రి గిన్నెలో మీగడ పెరుగు తెచ్చి గడప దగ్గర పెట్టి పోయింది.

అతను పెరుగు ముట్టలేదు. వరండాలో దొరసాని అడిగిన ప్రశ్నలను ఒక్కొక్కటే తీసి, ఈసారి నిజం చెప్పుకున్నాడు. జాగా ఎంత? ఎనిమిదడుగుల గది. ఇంట్లో ఎన్ని గంటలు? మెలకువగా ఉండేది మూడు. పరిగెత్తగలవా? లేదు. పని? లేదు. వకీలు దగ్గర కొలువు మానేద్దామా అని ఆలోచించాడు. మానేసి ఏం తినాలి, దానికేం పెట్టాలి? ఒకవేళ మానేసినా, రోజంతా దాని పక్కన కూర్చున్నా, దానికి కావలసింది తను కాదు. అది తెలుసుకోవడం అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఇన్నాళ్లూ తల వంచి విన్నది తన కబుర్లు కాదు. ఆ మాటల మధ్యలో ఎక్కడైనా ఒక ఆజ్ఞ వస్తుందేమో, లేచి పరిగెత్తవచ్చునేమో అని విన్నది.

*

బర్రెలకు గడ్డి తెచ్చే బండివాళ్లు చెప్పగా రుక్మాబాయికి గుడిమల్కాపూర్ తోటల అవతల మేపే మందలు తెలుసు. మైసయ్య అనే గొర్రెలు కాసే కురుమాయన ఉన్నాడు, మంచివాడు, పోయి మాట్లాడమంది. తనకు సెలవైన ఆదివారం, ప్రార్థనకు గుడికి పోకుండా ఇశ్రాయేలు మెగ్‌ను పట్టుకుని పురానాపూల్ దాటి, కార్వాన్ మీదుగా నడిచాడు. మూడుసార్లు కూర్చుని లేచి, పొద్దు నడినెత్తికి వచ్చేవేళకు చేరాడు.

మైసయ్యకు నలభై ఏళ్లుంటాయి. గొంగడి భుజాన వేసుకుని తుమ్మచెట్టు కింద నిలబడి ఉన్నాడు. నూటయాభై గొర్రెలు బీడంతా పరుచుకుని మేస్తున్నాయి. సంగతంతా విని తల అడ్డంగా ఊపాడు.

"మా కుక్కలు తోడేండ్లొస్తె కొట్లాడుతయన్నా. గంతే. గొర్లను మల్పుడు మా నోటి పని, మా కాళ్ల పని. దొరల కుక్క మందల వడితె గొర్లన్ని చెదిరి చెట్టుకొకటి గుట్టకొకటి అయితయి."

"ఒక్కపారి జూడు మైసయ్యా."

"వద్దన్నా. కడుపుతోటున్న గొర్లున్నయి."

ఆ మాట న్యాయమైనదే కాబట్టి ఇశ్రాయేలు అక్కడే నిలబడిపోయాడు. మెగ్ మాత్రం నిలబడలేదు. గొలుసు చివర నేలకు అతుక్కుపోయి సన్నగా వణుకుతోంది. అంతలో ఒక పక్కనుంచి కేకలు వినబడ్డాయి. మంద చివరనున్న ముప్పై గొర్రెలు కంప దాటి వంకాయ మడిలోకి దిగాయి. తోటమాలి పార ఎత్తుకుని తిడుతూ వస్తున్నాడు. మైసయ్య కట్టె పట్టుకుని పరుగందుకున్నాడు, కాని ఎంత పరిగెత్తినా మడి దూరమే.

ఇశ్రాయేలు చేతులు ఎప్పుడు గొలుసు విప్పాయో అతనికి తెలియదు. బంగళా వంటింటి కిటికీలోంచి ఏళ్ల తరబడి విన్న దొరసాని మాట, ఆమె యాసతోనే నోట్లోంచి వచ్చింది.

"కమ్ బై!"

ఎడమవైపుగా చుట్టి రమ్మని దాని అర్థం. మెగ్ గొర్రెల మీదికి పోలేదు. వాటికి దూరంగా, పెద్ద వంపు తిరిగి, బీడు అంచు వెంట నల్లటి గీతలా సాగి, వాటి అవతలికి పోయి నేల మీద వాలింది. మొరగలేదు. కరవలేదు. లేచి నాలుగడుగులు వేసింది. గొర్రెలు తలలెత్తి చూశాయి, ఒకదానికొకటి దగ్గరయ్యాయి, కంప సందులోంచి ఒకదాని వెనక ఒకటి తిరిగి బీడులోకి నడిచాయి. "లై డౌన్!" అంటే అక్కడే పడుకుంది. తోటమాలి పార దించి నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

తొమ్మిదేళ్లు వంటింట్లో ఉండి ఇశ్రాయేలు దాని పనిని విన్నాడే కాని చూడలేదు. ఇప్పుడు చూశాడు. తన గదిలో గూటం చుట్టూ తిరిగింది ఈ కుక్కేనా అనిపించింది. "దట్ విల్ డూ, మెగ్" అనగానే అది పరిగెత్తుకొచ్చి అతని కాలి పక్కన ఆగింది. నాలుక బయటపెట్టి రొప్పుతోంది. అది ఇన్ని రోజుల్లో మొదటిసారి తిన్నగా అతని ముఖంలోకి చూసింది.

మైసయ్య వచ్చి కట్టె నేలకు ఆనించాడు. "ఏమన్నవన్నా దానికి? ఏం మంత్రమది?"

ఆ మాటలను మైసయ్యకు నేర్పడానికి ఆరు ఆదివారాలు పట్టింది. "కమ్ బై" అతని నోట "కంబై" అయింది, కుడివైపుగా చుట్టమనే "అవే" సరిగ్గానే వచ్చింది, "లై డౌన్" ఎంత చెప్పినా "లేడాన్" దగ్గరే ఆగింది. మెగ్ మొదట అయోమయంగా ఇశ్రాయేలు వైపు చూసేది. తరువాత ఆ యాస కూడా దానికి పట్టుబడింది. మధ్య రోజుల్లో గదిలో ఇంకా గొలుసే. కాని ఆదివారం అంతా పరిగెత్తిన కుక్క, సోమ మంగళవారాలు అలసి నిద్రపోయేది. బుధవారం నుంచి మళ్లీ గుండ్రటి దారి మొదలయ్యేది.

ఆరో ఆదివారం మైసయ్య చెప్పాడు.

"ఎండలు ముదురుతున్నయి. పదిరోజులైతె మందను మంజీర దిక్కు తోల్కపోతం. వానలు వడ్డంకనే మల్ల వచ్చుడు. ఇస్తనంటె మేగిని తీస్కపోత. మా ఇంట్ల పిల్లలెట్లనో అదట్లనే." మెగ్‌ను అతను మేగి అంటాడు.

"ఇస్త" అన్నాడు ఇశ్రాయేలు.

"ఇంకొక మాట. నువ్వు ఈడ నిలవడ్డంతసేపు అది నా మాట సగమే ఇంటది. ఒక కన్ను నీ మీదనే ఉంటది. ఇయ్యాల్నే ఇడిసిపో. మేం ఎల్లేటప్పుడు మాత్రం ఒకపారొచ్చి జూసుకో, కని మాట్లాడకు."

ఆ సాయంత్రం అతను ఖాళీ గొలుసు చుట్టి జేబులో వేసుకుని తిరిగొచ్చాడు. పురానాపూల్ మీద ఆగాడు. నది సగం ఎండిపోయి, గుంటల్లో నీళ్లు మెరుస్తున్నాయి. ఇంటికి ఏ దారిన పోయినా ఒకటేనని, తొందరేమీ లేదని అప్పుడు తోచింది. చాలాసేపు నిలబడి చీకటి పడకముందే కదిలాడు.

పది రోజులూ మెల్లగా గడిచాయి. వంటింట్లో ఉప్పు రెండుసార్లు వేశాడు. వకీలు సాబ్ నౌకరు చేత అడిగించాడు, ఒంట్లో బాగుందా అని. బాగుందన్నాడు.

మంద బయలుదేరే రోజున వకీలు ఇంట్లో పూట సెలవు అడిగి, తెల్లవారేసరికి గుడిమల్కాపూర్ చేరాడు. గాడిదల మీద వంటసామాను, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలు. మైసయ్య భార్య కొమురమ్మ తలమీద గంప పెట్టుకుని ముందు నడుస్తోంది. ఇశ్రాయేలు దూరంగా ఒక గట్టు మీద నిలబడ్డాడు. మాట్లాడకూడదనే అనుకున్నాడు, చెయ్యి కూడా ఊపలేదు.

మెగ్ అతన్ని చూసింది. తోక ఊపుతూ వస్తుందనుకున్నాడు. అది అలా రాలేదు. పెద్ద వంపు తిరిగి అతని వెనక్కి వచ్చి, నేలకు కరుచుకుని, తప్పిపోయిన గొర్రెను చూసినట్టు చూసింది. అతను ఒక అడుగు పక్కకు వేశాడు. అది ముందుకొచ్చి దారి మూసింది. ఇంకో అడుగు. మళ్లీ మూసింది. మంద వైపు ఒక్కటే దారి వదిలింది. అతను ఏం చేయాలో తోచక ఆ వైపు నాలుగడుగులు వేసేసరికి అది సంతోషంగా వెనకే కదిలింది. అలా అతన్ని గట్టు దింపి, బీడు దాటించి, కదులుతున్న గొర్రెల నడుమకు తోలుకొచ్చి నిలబెట్టింది. మోకాళ్ల చుట్టూ ఉన్ని రాసుకుంటోంది. దుమ్ము, గొర్రెల వాసన. మైసయ్య దూరం నుంచి చూస్తూ ఆగిపోయాడు.

ఒక్క మాట చాలు. "దట్ విల్ డూ, మెగ్" అంటే అది అన్నీ వదిలేసి అతని కాలి దగ్గరికి వస్తుంది. మళ్లీ పురానాపూల్ దాటి, మొఘల్‌పురా సందుల్లోంచి, అతని వెంట ఎనిమిదడుగుల గదిలోకి వస్తుంది. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

గొర్రెలు అతన్ని తప్పించుకుని సాగిపోయాయి. మెగ్ ఎదురుగా పడుకుని చూసింది. లేస్తాడేమోనని రెండుసార్లు ముందుకు జరిగింది. అతను లేవలేదు. "మేగీ! కంబై!" అని మైసయ్య పిలిచాడు. అది చెవి తిప్పింది, కదల్లేదు. అంతలో అటువైపు రెండు పొట్టేళ్లు గుంపు విడిచి పొలంలోకి మళ్లాయి. మెగ్ ఒకసారి వాటి వైపు, ఒకసారి అతని వైపు చూసింది. ఆ తరువాత వాటి మీదికి పోయింది. తిరిగి రాలేదు.

దుమ్ము పూర్తిగా అణిగిపోయేదాకా అతను అక్కడే కూర్చున్నాడు. లేవడానికి పట్టుకోను ఏమీ లేక, చేతులు నేలకు ఊని లేచాడు.

*

రుక్మాబాయి ఆ గది నేలను మట్టితో పూడ్చి అలికించింది. ఇశ్రాయేలు ఆదివారాలు మళ్లీ గుడికి పోవడం మొదలుపెట్టాడు. సాయంత్రాలు పొయ్యి వెలిగించాక, ఆ రోజు వంటల సంగతి చెప్పబోయి నోరు మూసుకునేవాడు. కొన్నాళ్లకు రొట్టెలు కాల్చడం కూడా మానేసి, వకీలు ఇంట్లో మిగిలింది అక్కడే తిని వచ్చి పడుకునేవాడు. రుక్మాబాయి గడప దగ్గరికి వచ్చి రెండు మాటలు కదిపేది. అతను రెండు మాటలకూ జవాబిచ్చేవాడు, మూడోది సాగేది కాదు.

వానలు పడ్డాయి. శ్రావణంలో గడ్డిబండివాడు మందలు తిరిగొచ్చాయని చెప్పాడు. ఆ ఆదివారం ఇశ్రాయేలు వకీలు ఇంటి వంటింట్లో మాంసం అంటిన ఒక మంచి బొక్క అడిగి, గుడ్డలో చుట్టుకుని, వానలోనే బయలుదేరాడు.

బీడంతా పచ్చబడింది. మెగ్ చిక్కింది, ఒళ్లు గట్టిపడింది, తెల్లపట్టె మట్టిరంగుకు మారింది. మెడకు కొమురమ్మ కట్టిన నల్లతాడు. అతన్ని దూరం నుంచే గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చింది, అరచెయ్యి వాసన చూసింది, బొక్క నోట కరుచుకుంది. ఒళ్లంతా ఊపుతూ అతని కాళ్లకు రెండుసార్లు రాసుకుంది. అతను వంగి దాని తల మీద చెయ్యి వేశాడు. చెవి దగ్గర ఏదో చెప్పబోయాడు. అంతలో మంద ఆ చివర కదిలింది. మెగ్ బొక్క అక్కడే వదిలేసి పోయింది.

మైసయ్య గొంగడి పరిచి కూర్చోమన్నాడు. మంజీర ఒడ్డున తోడేళ్లు వచ్చిన సంగతి, మెగ్ రాత్రంతా మందను ఒక్క ముద్దలా పట్టి ఉంచిన సంగతి చెప్పాడు. "ఇద్దరు మనుషుల పని జేస్తదన్నా. ఒక్క గొర్రె పోలే" అన్నాడు. ఇశ్రాయేలు అన్నీ విన్నాడు, మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. జొన్నగటక పెడితే తిన్నాడు. మెగ్ ఆ పూటంతా మళ్లీ దగ్గరికి రాలేదు. పిలిస్తే వచ్చేదే, అతను పిలవలేదు.

వచ్చేసరికి రుక్మాబాయి పాలు పిండుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"జూసినవా?"

"జూసిన."

"గుర్తు వట్టిందా?"

"వట్టిందక్కా."

"ఏమన్నది?"

"ఏమనలే" అన్నాడు ఇశ్రాయేలు. "పని మీదున్నది."

తడిసిన తువ్వాలును గోడ మీద ఆరవేసి, అతను తన గది తాళం తీశాడు.